వారం వారం వసూలయ్యే అప్పు, నలభై ఏళ్ళుగా తీరని బాకీ

పాత మహబూబ్‌నగర్ జిల్లా వీపనగండ్ల మండలంలో ఏ ఊరి అరుగు మీద కూర్చుని మాట కలిపినా రెండు రకాల బాకీల సంగతి వస్తుంది. ఒకటి ఊరివాళ్ళు కట్టాల్సింది: బ్యాంకుకు, మహిళా సంఘానికి, ఎరువుల దుకాణానికి, మిత్తికిచ్చే సేటుకు, బయానా ఇచ్చి పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీకి. ఇంకొకటి ఊరివాళ్ళకు రావాల్సింది: ముంపు పరిహారం, ముంపు ఇంటికొకటి ఇస్తామన్న కొలువు, పంటనష్టం. మొదటిదానికి గడువు తేదీ ఉంటుంది, తేదీ దాటితే ఇంటిముందు మనిషి ఉంటాడు. రెండోదానికి జీవో నంబరు ఉంటుంది, అంతే. కరువు, వరద, ముంపు, బ్యాంకుల కుదుపు వంటి ఆపదలు రాజకీయాలను, డబ్బు వ్యవహారాలను, ప్రభుత్వం మీద జనం నమ్మకాన్ని ఎట్లా మలుస్తాయన్న పెద్ద ప్రశ్నను నేను ఈ రెండు బాకీల మధ్య నిలబడి చూడదలచాను. పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా) నేల మీద ఈ ప్రశ్నకు దొరికే రుజువులు చాలా దేశాల్లో దొరికేవాటికంటే ఎక్కువ.

ఐరోపా, అమెరికా అనుభవం మీద జరిగిన పరిశోధనలు ఒక మాట గట్టిగా చెబుతున్నాయి. 1870 నుంచి 2014 వరకు ఇరవై సంపన్న దేశాల్లో జరిగిన ఎనిమిది వందలకు పైగా ఎన్నికలను ఫుంకే, షులారిక్, ట్రెబెష్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు పరిశీలించారు. బ్యాంకులు కూలిన తరువాత తీవ్ర మితవాద (ఫార్ రైట్) పార్టీల ఓట్లు సగటున 30 శాతం పెరిగాయని, మామూలు మాంద్యాల తరువాత అట్లా జరగలేదని తేల్చారు. అంటే ఎంత నష్టపోయామన్నది ఒక్కటే జనాన్ని మార్చలేదు. ఆ నష్టానికి కారకులెవరు, వాళ్ళను ఎవరు కాపాడారు అన్నది కూడా మార్చింది. ఈ సూత్రం మనకు పూర్తిగా అతకదు. మన దగ్గర ఆపద బ్యాంకు అద్దాల తలుపుల వెనక మొదలు కాదు. వాన పడకపోవడంతోనో, నది పొంగడంతోనో, ప్రభుత్వమే కట్టిన ఆనకట్టతోనో మొదలవుతుంది. ఆ తరువాతే బ్యాంకు దాకా, ఓటు దాకా పోతుంది.

ముంపుతో మొదలుపెడతాను. ఈ ప్రాంతపు నమ్మకం లెక్క అక్కడే తప్పింది.

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. అది మొదట కరెంటు కోసం తలపెట్టిన ప్రాజెక్టు. కట్ట లేచి నీళ్ళు నిలిచేసరికి 1980లు వచ్చాయి. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కలిపి నూరుకు పైగా ఊళ్ళు, లక్షమంది దాకా జనం కదిలారు. మన వైపు కొల్లాపూర్, వీపనగండ్ల, అలంపూర్ ప్రాంతాల నదీతీరపు నల్లరేగళ్ళు నీళ్ళ కిందికి పోయాయి. 1981లో, ఊళ్ళు ఖాళీ చేయించడానికి, 'ఆపరేషన్ డిమాలిషన్' అని పేరు పెట్టి ఇళ్ళు కూల్చారు. ఆ ఇంగ్లిషు మాట చదువురాని ముసలివాళ్ళ నోట కూడా ఇప్పటికీ వినబడుతుంది.

అదే కాలంలో, అదే నీళ్ళ నుంచి గుళ్ళను కాపాడారు. జటప్రోలు మదనగోపాలస్వామి ఆలయాన్ని, కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి, ప్రతి రాతికీ గుర్తువేసి, ఎత్తుమీదికి తరలించి మళ్ళీ నిలబెట్టారు. అలంపూర్‌లో సంగమేశ్వరాలయాన్ని చూసినవాళ్ళెవరూ ఆ పనితనాన్ని మెచ్చుకోకుండా ఉండలేరు. ఏ రాయి ఎక్కడిదో రాసుకున్న ఆ శ్రద్ధలో నాలుగో వంతు ఏ కుటుంబం ఎక్కడికి పోయిందో రాసుకోవడంలో పెట్టి ఉంటే, ఇవాళ నేను రాస్తున్న దానిలో సగం రాయనక్కరలేకపోయేది. భూములకు 1894 నాటి భూసేకరణ చట్టం ప్రకారం పైసలిచ్చారు. ఊళ్ళన్నీ ఒకేసారి లేచినప్పుడు అందరూ ఒకేసారి భూమి వెదుక్కుంటారు, చుట్టుపక్కల ధరలు పెరుగుతాయి, చేతికొచ్చిన పరిహారం పోయిన భూమిలో సగానికి కూడా చాలదు. భూమి లేని కైకిలోళ్ళకు, చాకలి, మంగలి, కుమ్మరి వంటి చేతివృత్తులవాళ్ళకు ఆ లెక్కలో చోటే లేదు. వాళ్ళ ఆస్తి ఊరే. ఊరు పోయింది.

1986లో ప్రభుత్వం జీవో 98 తెచ్చింది. ముంపు కుటుంబంలో ఒకరికి ఉద్యోగం అన్నది దాని సారం. కొందరికి చిన్న పోస్టులు దొరికాయి. మిగిలినవాళ్ళు దరఖాస్తు పెట్టి ఎదురుచూశారు. తెలుగుదేశం, కాంగ్రెస్, టీఆర్ఎస్, మళ్ళీ కాంగ్రెస్ ప్రభుత్వాలొచ్చాయి, రాష్ట్రమే రెండయింది, జిల్లా నాలుగైంది, ఆపైన ఐదైంది. ప్రతి ఎన్నికలోనూ కొల్లాపూర్ సభల్లో ఎవరో ఒకరు జీవో 98 మాట ఎత్తారు. నిర్వాసితుల ఇళ్ళల్లో ఆ జీవో నకలు చూడండి. జిరాక్సుకు జిరాక్సు తీసీ తీసీ అక్షరాలు మసకబారి ఉంటుంది. దాని వెంటే అవార్డు కాపీ, ముంపు సర్టిఫికెట్, రేషన్ కార్డు, కుటుంబ వారసత్వ పత్రం, అన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో. ప్రభుత్వ ఆఫీసులో పాత రికార్డు దొరక్కపోవచ్చు, ఈ సంచిలో మాత్రం ఉంటుంది.

ఈ ఒక్క ముంపు వ్యవహారంలోనే నాకు కనబడే విషయం ఇది. ఆపద వచ్చిన రోజు జనం ప్రభుత్వాన్ని నమ్మకుండా లేరు. నమ్మబట్టే ఊళ్ళు వదిలారు, నమ్మబట్టే దరఖాస్తులు పెట్టారు. నమ్మకం పోయింది ఆపదలో కాదు, ఆ తరువాతి ముప్పై నలభై ఏళ్ళలో, ఆఫీసు ఆఫీసుకు తిరిగిన కాళ్ళతోపాటు కొద్దికొద్దిగా అరిగిపోయింది. రాజకీయ పండితులు ఓటమి గెలుపులను ఆపద నాటి వేడిలో వెదుకుతారు. అసలు లెక్క చాలా ఆలస్యంగా, చాలా నెమ్మదిగా తేలుతుందని నా అభిప్రాయం.

కరువు సంగతి వేరు. ముంపు ఒకసారి వచ్చింది, కరువు వచ్చి పోతుంటుంది. పాలమూరు లేబర్ అన్న పేరు దేశమంతా ఆనకట్టల మీద, కాలువల మీద, సొరంగాల మీద వినబడిందంటే దానికి మూలం ఈ కరువే. వానలు తప్పితే గుంపు మేస్త్రీ ఊళ్ళోకి వస్తాడు. ఆలుమగల జంటకు ఇంతని ముందే పైసలిస్తాడు. ఆ పైసలతో పాత అప్పు తీరుతుంది, ముసలోళ్ళకు ఆరు నెలల గింజలు ఇంట్లో పడతాయి, పిల్లలను వాళ్ళ దగ్గర వదిలి జంట లారీ ఎక్కుతుంది. ఎక్కడో నది మీద పని చేసి ఆ పైసలు తీర్చుకుంటుంది. అప్పు, బీమా, ఉద్యోగం మూడూ ఒకే మనిషి చేతిలో ఉన్న ఏర్పాటిది. దోపిడీ నిండిన ఏర్పాటు. అయినా ఎందుకు నడిచిందంటే, అడిగిన రోజున పైసలు పెట్టింది అతనొక్కడే కాబట్టి.

ఊరివాళ్ళు ఒకరినొకరు ఆదుకుంటారు కదా అనవచ్చు. ఆదుకుంటారు. దానికి లెక్కలున్నాయి. ఇక్రిశాట్ 1975 నుంచి అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని అవురేపల్లి, దోకూరు ఊళ్ళల్లో ఇంటింటి ఆదాయ వ్యయాలు ఏళ్ళ తరబడి రాసిపెట్టింది. ఆ పుస్తకాల్లోని అవురేపల్లి లెక్కలను, మహారాష్ట్రలోని మరో రెండు ఊళ్ళ లెక్కలను పట్టుకుని రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో అచ్చువేసిన వ్యాసం ఆర్థికశాస్త్రం చదివే ప్రతివాళ్ళూ చదివేదే. ఒక ఇంట్లో ఆదాయం పడిపోయినా ఆ ఇంటి తిండి ఖర్చు అంతగా పడిపోదని, అది ఊరి సగటుతోనే నడుస్తుందని ఆయన చూపించారు. బదులు, చేబదులు, చుట్టరికం కలిసి చేసే పని అది. భూమి లేనివాళ్ళకు ఆ రక్షణ తక్కువేనని కూడా అందులోనే తేలింది. అయితే ఒక ఇంటి పశువు చస్తే పక్కింటివాళ్ళు ఆదుకోగలరు. మండలమంతా ఎండితే పక్కింటి గాదె కూడా ఖాళీయే. అక్కడే ఊరి నమ్మకం చాలక ప్రభుత్వం, బ్యాంకు, బీమా కావలసి వస్తాయి. సంక్షోభం రాజకీయంగా మారే చోటు సరిగ్గా అదే.

బయటినుంచి వచ్చిన ప్రతి సంస్థా ఏదో ఒక ఆపద వెనకే వచ్చింది. 1876-78 నాటి మహా కరువు మన కృష్ణకు అవతలి ఒడ్డున కర్నూలు జిల్లాను పీల్చి పిప్పి చేసిన తరువాతే బ్రిటిష్ వాళ్ళు కరువు నియమావళి రాశారు. 1950ల మొదట్లో జరిగిన గ్రామీణ రుణ సర్వేలో రైతుల అప్పులో సహకార సంఘాల వాటా నూటికి మూడే అని బయటపడ్డాక స్టేట్ బ్యాంకు పుట్టింది. అత్యవసర పరిస్థితి నడుస్తుండగా 1975 అక్టోబరులో గ్రామీణ బ్యాంకులు మొదలయ్యాయి. మన జిల్లాకు వచ్చిన గ్రామీణ బ్యాంకు పేరు సంగమేశ్వర. 2006లో అది ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులో కలిసింది. 2025 జనవరి 1న ఇక్కడి శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. బోర్డు మారింది, రైతు పాసుబుక్కు మారింది, అప్పు మాత్రం అదే ఖాతాలో నడుస్తూ వచ్చింది.

2001లో మహబూబ్‌నగర్ కేంద్రంగా కృష్ణా భీమా సమృద్ధి లోకల్ ఏరియా బ్యాంకు మొదలైంది. దాన్ని పెట్టింది విజయ్ మహాజన్ స్థాపించిన బేసిక్స్. 2003లో ఆ బ్యాంకు ద్వారా మన జిల్లా వేరుశనగ, ఆముదం రైతులకు వాన బీమా అమ్మారు. ఐసీఐసీఐ లాంబార్డ్ కంపెనీ ఇచ్చిన ఆ పాలసీ దేశంలోనే ఆ తరహా ప్రయోగాల్లో మొదటిది. దాని పద్ధతి కొంచెం వివరంగా చెప్పాలి. చేలోకి ఎవరూ వచ్చి పంట చూడరు. వాతావరణ కేంద్రంలోని వానకొలత సీసాలో ఎంత పడిందన్నదే లెక్క. తరువాతి ఏళ్ళలో వచ్చిన పాలసీల్లోనైతే జూన్‌లో వాన మొత్తం 50 మిల్లీమీటర్లు చేరిన రోజును విత్తనం రోజుగా పట్టుకుని, అక్కడినుంచి 35 రోజులు మొదటి దశ. ఆ దశలో వాన గీతకంటే తగ్గితే, తగ్గిన ఒక్కొక్క మిల్లీమీటరుకు ఇన్ని రూపాయలు. దరఖాస్తు లేదు, పంచనామా లేదు, వీఆర్వో సంతకం లేదు. కాగితం మీద ఇంతకంటే శుభ్రమైన బీమా ఉండదు.

అయినా ఎక్కువమంది కొనలేదు. ఎందుకు కొనలేదో తెలుసుకోవడానికి షాన్ కోల్, సేవియర్ జీనే తదితరులు మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లోనూ, గుజరాత్‌లోనూ చేసిన ప్రయోగాలు 2013లో అచ్చయ్యాయి. ధర తగ్గిస్తే కొనేవాళ్ళు పెరిగారు, అది ఊహించేదే. ఇంటికొచ్చి పాలసీ వివరించే కొత్త మనిషి పక్కన ఆ ఊరికి తెలిసిన బేసిక్స్ ఏజెంటు నిలబడి 'ఈయన మనవాడే' అన్న చోట కొనుగోళ్ళు మూడో వంతుకు పైగా పెరిగాయి. బేసిక్స్ పేరు తెలిసిన ఊళ్ళల్లో మాత్రమే ఇది జరిగింది. ఇంకో సంగతి: రైతు చేతిలో ఆ పూట వంద రూపాయలు పెడితే కొనేవాళ్ళ సంఖ్య రెట్టింపు దాటింది. బీమా మంచిదా కాదా అన్న తర్కం తరువాత. ఎవరు చెబుతున్నారు, చేతిలో పైసలున్నాయా అన్నవి ముందు. గుజరాత్‌లో జరిగిన మరో అధ్యయనం, పొరుగువాళ్ళకు పరిహారం అందిన ఊళ్ళల్లో మరుసటి ఏడు పాలసీలు ఎక్కువ అమ్ముడుపోయాయని చూపింది. పక్కవాడికి అందడం కళ్ళారా చూడటాన్ని మించిన ప్రచారం లేదు. ఈ రెండు అధ్యయనాలనూ జీవో 98 పక్కన పెట్టి చదివితే నిర్వాసితుల మనసు నాకు బాగా అర్థమయింది. పక్కింటివాడికి కొలువు రాకపోవడాన్ని వాళ్ళు నలభై ఏళ్ళుగా చూస్తున్నారు.

రైతులు ఆ వాన బీమాను పట్టించుకోకపోవడంలో ఇంకో న్యాయం ఉంది. సీసాలో పడిన వాన చేలో పడదు. ఒకే ఊళ్ళో వాగుకు ఈ పక్క తడిసి ఆ పక్క ఎండిపోయే నేల మనది. నిపుణులు దీన్ని లెక్కలో చిన్న తేడాగా చూస్తారు. ఎండిన చేను ఉన్నవాడికి అది పూర్తి మోసంగా కనబడుతుంది. ఆ తరువాత ఎంత చెప్పినా వినడు.

ఇక 2010. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి.

1990ల మధ్యలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో మహిళా సంఘాలను మండల సమాఖ్యలుగా కూర్చింది. దాని మీదే 2000లో వెలుగు పథకం లేచింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం నుంచి వచ్చిన ఊపు కూడా ఇందులో ఉంది. పొదుపు పెట్టుకున్న ఆడవాళ్ళకు బ్యాంకు అప్పు, 2004 తరువాత పావలా వడ్డీ. బ్యాంకు మేనేజరు ముందు ఎన్నడూ కుర్చీలో కూర్చోని ఆడవాళ్ళు కూర్చున్నారు. అదే సంఘాలున్న ఊళ్ళల్లోకి ప్రైవేటు మైక్రోఫైనాన్స్ కంపెనీలు వచ్చాయి. సంఘం అప్పు రావడానికి నెలలు పట్టేది, కంపెనీ అప్పు వారంలో వచ్చేది. ఐదుగురు జట్టు, వారానికో మీటింగు, ఒకరు కట్టకపోతే మిగిలిన నలుగురూ కట్టాలి. కట్టని ఆమె ఇంటిముందు ఆ నలుగురే కూర్చోవాల్సి వచ్చింది. కంపెనీ తన వసూలు పనిని ఊరి చుట్టరికానికే అప్పగించింది. టౌన్‌సెండ్ లెక్కల్లో కనబడిన ఆ చేబదులు బంధాన్నే తాకట్టుగా పట్టుకున్న వ్యాపారమిది. ఆ బంధం తెగితే ఊరికి మిగిలేది ఏమిటన్న ఆలోచన ఆ వ్యాపారంలో ఎక్కడా లేదు.

2006లోనే కృష్ణా జిల్లాలో అధికారులు మైక్రోఫైనాన్స్ శాఖలు మూయించారు. అది హెచ్చరిక. ఎవరూ వినలేదు. 2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ అనే మైక్రోఫైనాన్స్ కంపెనీ ఒక్కో షేరు 985 రూపాయలకు అమ్మి స్టాక్ మార్కెట్లోకి ఎక్కింది. రెండు నెలలకు, ఆత్మహత్యల వార్తల మధ్య, అక్టోబర్ 15న రోశయ్య ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. కంపెనీలు జిల్లాల వారీగా రిజిస్టరు కావాలి, వారం వారం కాక నెలకోసారే కట్టించుకోవాలి, ఇంటికి రాకుండా పంచాయతీ ఆఫీసు వంటి బహిరంగ స్థలంలోనే వసూలు చేయాలి. వసూళ్ళు ఒక్కసారిగా ఆగిపోయాయి. సుమారు 7,000 కోట్ల రూపాయల అప్పు గాలిలో నిలబడింది. మన జిల్లాలో ఏజెంటు మాట మీద బీమా అమ్మగలిగిన బేసిక్స్ కూడా ఆ దెబ్బకు చితికింది. 'మనవాడే' అన్న మాటను జనం మరిచిపోలేదు. కానీ ఎవరూ కట్టని రోజున ఒక్కరు కట్టడం తెలివితక్కువ పని. మంచి సంస్థను, చెడ్డ సంస్థను వేరుచేసి చూసే తీరిక సంక్షోభానికి ఉండదు.

దీని మీద తీర్పులు రెండు. కంపెనీల దౌర్జన్యం నుంచి ప్రభుత్వం పేదలను కాపాడిందని ఒకటి, తన సంఘాలకు పోటీ లేకుండా చూసుకుందని రెండోది. రెండిట్లోనూ నిజముంది. కానీ రుజువులు మనల్ని ఇంకోవైపు కూడా చూడమంటాయి. 2009లో గ్రామీణ ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ఒక సర్వేలో మైక్రోఫైనాన్స్ అప్పున్న ఇళ్ళు సుమారు 11 శాతం, సేట్లు, భూస్వాములు, చుట్టాలు వంటి బయటి అప్పులున్న ఇళ్ళు 80 శాతం పైనే. ఆర్డినెన్స్ ముట్టుకున్నది ఆ చిన్న ముక్కనే. నూటికి మూడు రూపాయల మిత్తికిచ్చే సేటు ఏ జిల్లాలోనూ రిజిస్టరు కాలేదు. ఇక ఆంధ్రప్రదేశ్ బయట ఏం జరిగిందో ఎమిలీ బ్రెజా, సింథియా కినన్ లెక్కగట్టారు. ఇక్కడ మునిగిన కంపెనీలు అక్కడ అప్పులివ్వలేకపోవడంతో ఆ జిల్లాల్లో కూలిరేట్లు, ఇంటి ఖర్చులు తగ్గాయి. మన ఊరి జట్టు కట్టడం మానేస్తే మరో రాష్ట్రంలో అప్పే తీసుకోని కూలీకి దెబ్బ తగిలింది.

ఆ గొడవ నుంచి పనికొచ్చేవి కొన్ని పుట్టాయి. రిజర్వు బ్యాంకు వేసిన మాలెగామ్ కమిటీ, ఆ బ్యాంకు కొత్త నియమాలు ఒక వైపు. మన దగ్గర 2011లో స్త్రీనిధి. సంఘాల సొంత రుణసంస్థ. అప్పు త్వరగా కావాలన్న ఆడవాళ్ళ అవసరం నిజమైనదని ప్రభుత్వం ఒప్పుకోవడానికి ఇంత విధ్వంసం జరగాల్సి వచ్చింది.

రాజకీయంగా ఈ నేలను అన్నిటికంటే ఎక్కువ కదిలించినది 2009 చివరి వంద రోజులు. సెప్టెంబర్ 2న నల్లమలలో హెలికాప్టర్ కూలి అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి మరణించారు. ఆయన ఆరోగ్యశ్రీ వైద్య పథకాన్ని 2007 ఏప్రిల్‌లో మొదట తెచ్చిన మూడు జిల్లాల్లో మనదొకటి. ఆసుపత్రి అప్పుతో భూమి అమ్ముకునే ఇళ్ళల్లో ఆ కార్డు ఎంత ధైర్యమిచ్చిందో అనుభవించినవాళ్ళకు తెలుసు. సరిగ్గా నెలకు కృష్ణ, తుంగభద్ర కలిసి పొంగాయి. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల పైన నీరొచ్చింది, డ్యాం తట్టుకునేలా కట్టింది 19 లక్షలకు. నీటిమట్టం నిండు గీత 885 అడుగులు దాటి 896కు పోయింది. అలంపూర్ మునిగింది, కర్నూలు మునిగింది, వెనకజలాలు కొల్లాపూర్, వీపనగండ్ల తీరపు ఊళ్ళమీదికి ఎక్కాయి. 1981లో ఊరు వదిలినవాళ్ళల్లో కొందరు రెండోసారి మునిగారు. నవంబర్ 29న కె. చంద్రశేఖరరావు తెలంగాణ కోసం నిరాహారదీక్షకు దిగారు. అప్పుడాయన మహబూబ్‌నగర్ ఎంపీ. డిసెంబర్ 9 రాత్రి, తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందన్న కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటన వచ్చింది.

వరదే తెలంగాణ తెచ్చిందని నేననడం లేదు. ఆ ఉద్యమానికి అంతకంటే పాత, లోతైన కారణాలున్నాయి. కానీ పెద్ద నాయకుడు పోయి, ప్రభుత్వం తడబడుతుండగా, నీళ్ళు తగ్గిన ఊళ్ళల్లో సాయం కోసం చేతులు చాచిన జనానికి 'నీళ్ళు, నిధులు, నియామకాలు' అన్న మాట కొత్త బరువుతో వినబడింది. ముంపు బాకీ, కాలువల బాకీ, ఉద్యోగాల బాకీ అన్నీ ఆ మూడు మాటల్లో ఇమిడిపోయాయి. జూపల్లి కృష్ణారావు కాంగ్రెస్ వదిలి 2012 ఉపఎన్నికలో టీఆర్ఎస్ తరఫున కొల్లాపూర్ గెలిచారు. మంత్రిగా ఉండి 2018లో ఓడారు, 2023లో కాంగ్రెస్ తరఫున మళ్ళీ గెలిచారు. ఆ 2023 ఎన్నికలోనే నిరుద్యోగం ఒక్కటే ఎజెండాగా, బర్రెలక్కగా పేరుపడిన శిరీష స్వతంత్రంగా నిలబడితే రాష్ట్రమంతా కొల్లాపూర్ వైపు చూసింది. ఆ ఏడు మార్చిలోనే పబ్లిక్ సర్వీస్ కమిషన్ పేపర్ల లీకు బయటపడింది. ముంపు కొలువులు రాలేదు, పోటీ పరీక్ష కొలువుల మీద కూడా నమ్మకం పోయింది. పార్టీలు మారుతున్న ఈ ఓటరును చంచలుడనేవాళ్ళున్నారు. నా దృష్టిలో ఇతను ఒకే దరఖాస్తును కిటికీ మార్చి కిటికీలో పెడుతున్నవాడు.

రుణమాఫీల గురించి చాలామంది చాలా రాశారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 1990లో, 2008లో కేంద్రం, 2014లో కొత్త రాష్ట్రం, 2024 జూలై నుంచి రెండు లక్షల వరకు ఇప్పటి ప్రభుత్వం అప్పులు మాఫీ చేశాయి.  మాఫీ అందిన ఇంట్లో ఆ ఊరట నిజం, దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కానీ మాఫీ అయ్యేది బ్యాంకు అప్పు. కౌలురైతుకు బ్యాంకు అప్పే పుట్టదు. 2018-19 జాతీయ నమూనా సర్వే ప్రకారం తెలంగాణ వ్యవసాయ కుటుంబాల్లో 91.7 శాతం అప్పుల్లో ఉన్నాయి, దేశ సగటు 50.2. అప్పటికి జరిగిన మాఫీల తరువాత కూడా పరిస్థితి ఇది.

ఇందుకు భిన్నంగా నిలిచినదొకటుంది. 2018 ఆగస్టులో మొదలైన రైతుబీమా. పట్టా ఉన్న రైతు 59 ఏళ్ళలోపు ఏ కారణంతో చనిపోయినా ఎల్ఐసీ ద్వారా ఐదు లక్షలు, పదిరోజుల్లో నామినీ ఖాతాలో పడాలని నియమం. చావు ఎట్లా జరిగిందని విచారణ లేదు. రైతు ఆత్మహత్యను రుజువు చేసుకోవడానికి వితంతువు మూడు ఆఫీసులు తిరిగిన రోజులు తెలిసినవాళ్ళకు దీని విలువ తెలుస్తుంది. పక్కింట్లో పైసలు పడటం ఊరు చూసింది, నమ్మింది. పట్టా లేని కౌలుదారు, కూలీ ఇందులోనూ బయటే. అది తీరని లోపం.

బ్యాంకు మీద నమ్మకం కూడా ఇట్లాంటిదే. 2016 నవంబర్ 8 నోట్ల రద్దు వానాకాలపు పంట మార్కెట్టుకొచ్చే వేళ పడింది. 2018 ఏప్రిల్‌లో తెలుగు రాష్ట్రాల్లో ఏటీఎంలు ఖాళీ అయ్యాయి. బ్యాంకు మునిగితే డిపాజిట్లు కూడా వాడుకునేలా కేంద్రం బిల్లు తెస్తోందన్న భయం జనంలో పాకడం దానికి ఒక కారణం. ఆ బిల్లును అదే ఏడు ఆగస్టులో ఉపసంహరించుకున్నారు. డిపాజిట్లు సేకరించిన అగ్రిగోల్డ్ కంపెనీలో 32 లక్షల మంది పైసలు అప్పటికే ఇరుక్కుని ఉన్నాయి. భయపడినవాళ్ళను అజ్ఞానులనడం అన్యాయం.

పాత బాకీలకు కొత్తది కూడా తోడైంది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్ఎల్‌బీసీ) సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. వాళ్ళు ఝార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కశ్మీర్ల వాళ్ళు. ఒకప్పుడు దేశం సొరంగాలన్నిటికీ మనుషులను పంపిన జిల్లాలో, పరాయి రాష్ట్రాల పనివాళ్ళు మన నీళ్ళకోసం చనిపోయారు. వాళ్ళ ఊళ్ళల్లో కూడా గుంపు మేస్త్రీ ఉండే ఉంటాడు, ఇంటిదగ్గర తీరని అప్పు ఉండే ఉంటుంది. వాళ్ళ ఇళ్ళకు మన ప్రభుత్వం పడ్డ బాకీ మన ముంపు బాకీ లాగా కాకూడదు.

పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015 జూన్‌లో కరివెన దగ్గర శంకుస్థాపన జరిగింది, 2023 సెప్టెంబర్‌లో కొల్లాపూర్ దగ్గరి నార్లాపూర్‌లో మొదటి మోటారు తిరిగింది. ఆ జలాశయాల కింద కొత్త నిర్వాసితులున్నారు. 2013 భూసేకరణ చట్టానికి బదులు జీవో 123 కింద నేరుగా భూములు కొనబోతే వ్యవహారం హైకోర్టు దాకా పోయింది. రైతులు ఈసారి సంతకానికి ముందే వకీలును వెదికారు. వాళ్ళకు శ్రీశైలం తెలుసు.

ఉపాధి హామీ పనుల్లో ఈ రాష్ట్రం ఒక మంచి పద్ధతి నేర్పింది. సామాజిక తనిఖీ. ఎవరికి ఎన్ని రోజుల పని, ఎంత కూలి అన్నది గ్రామసభలో అందరిముందు చదివి వినిపిస్తారు. తప్పుంటే అక్కడే లేచి చెప్పవచ్చు. జీవో 98 జాబితాను ఏ గ్రామసభలోనైనా అట్లా చదివినట్టు నేను వినలేదు. ముంపు కుటుంబాలెన్ని, దరఖాస్తులెన్ని, కొలువులు ఎవరెవరికి ఇచ్చారు, మిగిలినవాళ్ళకు ఏం చేస్తారు. వీపనగండ్ల, చిన్నంబావి, కొల్లాపూర్, పెంట్లవెల్లి మండలాల్లో ఊరూరా ఇది చదవడానికి కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద బడ్జెట్టు అక్కర్లేదు. 1981లో చంకనెత్తుకుని ఊరు దాటించిన పిల్లలు ఇప్పుడు సర్కారు కొలువు వయసు దాటిపోయారు. కాబట్టి ఉద్యోగానికి బదులు ఒకేసారి ఇచ్చే పరిహారమెంతో కూడా ఆ సభలోనే, వాళ్ళ ముందే, రూపాయల్లో, తేదీతో చెప్పాలి.